పాత బైక్ వైరింగ్: సరిచేయాలా, మార్చాలా, మొదటి నుంచి కట్టాలా?

ట్యాంకు ఎత్తి చూస్తే నాలుగు రంగుల ఇన్సులేషన్ టేపులు, ఎటు పోతున్నాయో అర్థం కాని రెండు మూడు తీగలు, ఎవరో ఎప్పుడో హారన్ కోసం మధ్యలో గీరి చుట్టిన జాయింటు. పాతికేళ్లు దాటిన బండ్లలో చాలావాటికి లోపలి అవతారం ఇదే. చూడగానే వచ్చే ఆలోచన కూడా ఒకటే: మొత్తం పీకేసి కొత్తగా వేసేద్దాం. కొన్ని బండ్లకు అదే సరైన పని. ఎక్కువ బండ్లకు మాత్రం అంత దూరం వెళ్లనవసరం లేదు. అలా వెళ్లినవాళ్లలో కొందరి బండి నెలల తరబడి షెడ్డులో విప్పిన తీగలతోనే ఉండిపోతుంది.

మీ ముందున్న దారులు నాలుగు. ఉన్న వైరింగ్‌నే శుభ్రం చేసి, బలహీనమైన చోట్ల మాత్రం బాగుచేసుకోవడం. అదే మోడల్‌కు రెడీమేడ్‌గా దొరికే కొత్త వైరింగ్ సెట్ వేయడం. అక్కర్లేనివన్నీ తీసేసి మొదటి నుంచి సొంతంగా కట్టుకోవడం. ఫ్యూజులు, రిలేలు, ఫ్లాషర్ అన్నీ ఒకే ఎలక్ట్రానిక్ డబ్బాలో ఉండే కంట్రోల్ యూనిట్ పెట్టడం. ఏది ఎంచుకోవాలో మీ ఇష్టం కంటే ముందు మీ బండే చెబుతుంది. దాన్ని అడగడానికి ఒక మల్టీమీటర్, ఒక గంట సమయం చాలు.

ముందు కొలవండి

హెడ్‌లైట్ వెలిగించండి. మీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, ఒక కొన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన హెడ్‌లైట్ సాకెట్‌లో కరెంటు వచ్చే పిన్నుకు తగిలించండి. మీటర్ చూపించేది దారిలో పోతున్న వోల్టేజీ. తర్వాత బ్యాటరీ మైనస్‌కూ, సాకెట్‌లోని ఎర్త్ పిన్నుకూ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) మధ్య అలాగే చూడండి. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు దొంగ తరచూ అక్కడే దొరుకుతాడు.

ఎంత పోతే తప్పు? 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ రెండు మీటర్ల పొడవులో ఆ కరెంటుకు దాదాపు 0.18 వోల్టు తింటుంది, అంతే. కాబట్టి మీ మీటర్ ఒకటిన్నర వోల్టు చూపిస్తుంటే తప్పు తీగ పొడవుది కాదు. కీ స్విచ్ లోపల నల్లబడ్డ కాంటాక్టులదో, హ్యాండిల్ స్విచ్‌దో, వదులైన బుల్లెట్ కనెక్టర్లదో అయ్యుంటుంది. హాలోజెన్ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. పది శాతం వోల్టేజీ పోతే సుమారు ముప్పై శాతం వెలుతురు పోతుంది. ‘పాత బండి కదా, లైటు ఇంతే’ అని సరిపెట్టుకునే కేసుల్లో చాలావరకు ఈ లెక్కే ఉంటుంది.

6 వోల్టుల బండి అయితే ఈ నష్టం ఇంకా ఘోరం. అదే వాట్లకు కరెంటు రెట్టింపు పోవాలి, మొత్తం వోల్టేజీ చూస్తే సగమే. అంటే ఒకే జాయింటు దగ్గర 12 వోల్టుల బండి కంటే నాలుగు రెట్లు శాతం నష్టం. 6 వోల్టుల బండ్లకు చెడ్డపేరు తెచ్చింది చాలాసార్లు జాయింట్లే.

రెండో పరీక్ష తీగదే. కనెక్టర్ దగ్గర ఒక తీగను కత్తిరించి ఓ అంగుళం ఒలవండి. లోపల రాగి మెరుస్తుంటే ఆ తీగకు ఇంకా ఆయుష్షు ఉంది. నల్లగానో పచ్చగానో ఉంటే ఇంకో రెండంగుళాలు వెనక్కి ఒలిచి చూడండి. అక్కడా నలుపే కనిపిస్తే తడి లోపలికి పాకింది, ఆ తీగ మీద కొత్త కనెక్టర్ వేసినా నిలవదు. పై తొడుగును వంచినప్పుడు పగుళ్లు వస్తున్నాయా, ఇంజన్ వేడి తగిలే చోట పెళుసుగా మారిందా అన్నది కూడా చూడాలి.

ఉన్నదాన్నే బాగుచేయడం

రాగి బాగుండి, నష్టమంతా కనెక్టర్లలో, స్విచ్‌లలోనే ఉంటే నా ఓటు దీనికే. అన్ని కనెక్టర్లూ విప్పి శుభ్రం చేయడం, వదులైనవి మార్చడం, కీ స్విచ్, హ్యాండిల్ స్విచ్ తెరిచి కాంటాక్టులు గీకడం, ఎర్త్ తగిలే చోట పెయింటు తీసి ఇనుము కనపడేలా చేయడం. విసుగు పుట్టించే పనే కానీ కష్టమైనది కాదు. పైగా బండి ఒరిజినల్ రంగుల తీగలు అలాగే ఉంటాయి కాబట్టి సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మ ఇకముందూ పనికొస్తుంది.

దీనికి రెండు చేర్పులు చేస్తే బండి రూపురేఖలే మారిపోతాయి. మొదటిది హెడ్‌లైట్‌కు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), హైబీమ్‌కు ఒకటి, లోబీమ్‌కు ఒకటి. పాత పద్ధతిలో లైటు కరెంటంతా బ్యాటరీ నుంచి కీ స్విచ్‌కు, అక్కడి నుంచి హ్యాండిల్ స్విచ్‌కు, డిప్పర్‌కు, మళ్లీ బల్బుకు ఊరంతా తిరిగి వస్తుంది. రిలే పెడితే ఆ దారిలో పోయేది రిలే కాయిల్ లాగే చిన్న కరెంటు మాత్రమే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా బల్బుకు పోతుంది. పాత స్విచ్‌ల ఆయుష్షూ పెరుగుతుంది. అయితే హెడ్‌లైట్ డీసీ మీద నడిచే బండికే ఇది కుదురుతుంది. కొన్ని పాత చిన్న బండ్లలో హెడ్‌లైట్‌కు కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టించే కాయిళ్లు) నుంచి నేరుగా ఏసీ రూపంలో వస్తుంది. అక్కడ మామూలు రిలే గడగడలాడుతుందే తప్ప పని చేయదు.

రెండోది ఫ్యూజు పెట్టె. ఒకే గాజు ఫ్యూజుతో మొత్తం బండి నడిచే చోట, బ్లేడ్ ఫ్యూజులతో నాలుగైదు భాగాలు చేయండి. ఇగ్నిషన్‌కు ప్రత్యేకంగా ఒకటి ఉండాలి, ఇందులో రాజీ వద్దు. వెనక మడ్‌గార్డు కింద టెయిల్‌లైట్ తీగ ఒరిసి షార్ట్ అయినంత మాత్రాన చీకట్లో, మలుపులో ఇంజన్ ఆగిపోకూడదు.

రెడీమేడ్ సెట్

బాగా అమ్ముడుపోయిన మోడళ్లకు కొత్త వైరింగ్ సెట్లు దొరుకుతాయి. తీగ లోపల నల్లబడి, బండిని ఒరిజినల్‌గానే ఉంచాలనుకుంటే ఇదే దగ్గరి దారి. చూసుకోవాల్సినవి రెండే: తీగ మందం ఒరిజినల్‌కు తగ్గిందా, కనెక్టర్ పిన్నులు గట్టిగా నొక్కి ఉన్నాయా. ఒక్కో తీగనూ మెల్లగా లాగి చూడండి. వచ్చేస్తే సెట్టే తిప్పి పంపించేయండి. బుల్లెట్ కనెక్టర్ల సైజు కూడా చూడాలి. జపాన్ బండ్లలో సాధారణంగా 3.9 మిల్లీమీటర్లు, పాత బ్రిటిష్ బండ్లలో 4.7 మిల్లీమీటర్లు. ఒకదానిలో ఇంకోటి దూర్చి నొక్కేస్తే మళ్లీ లూజ్ కాంటాక్టే.

మొదటి నుంచి కట్టడం

కేఫ్ రేసర్, స్క్రాంబ్లర్ లాంటివి చేసేవాళ్లు దాదాపు అందరూ ఇటే వస్తారు. సీటు కింద చోటు ఉండదు, హెడ్‌లైట్ డబ్బా చిన్నది, మీటర్ ఒక్కటే. ఇంతకుముందు యజమానులు చేసిన మార్పులతో ఏ తీగ ఎక్కడిదో తెలియని బండ్లకు కూడా ఇదే మందు. కిక్ స్టార్ట్ ఉన్న ఒంటి సిలిండర్ బండికి ఇది నిజంగా చిన్న పని: ఇగ్నిషన్, ఛార్జింగ్, హెడ్‌లైట్, టెయిల్ బ్రేక్ లైట్, హారన్, ఇండికేటర్లు. ఎలక్ట్రిక్ స్టార్టర్, నాలుగు సిలిండర్లు, సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్ వచ్చి చేరితే పని మూడు నాలుగు రెట్లవుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. తీగలు తగ్గించడం వేరు, జాయింట్లు తగ్గించడం వేరు. రోడ్డు మీద ఆపేసేవి జాయింట్లే. అందంగా కనపడాలని ఎర్త్ తీగలన్నీ తీసేసి ఫ్రేమ్‌నే నమ్ముకుంటే తీగలు తగ్గుతాయి, సమస్యలు పెరుగుతాయి. పౌడర్ కోటింగ్ వేసిన ఫ్రేమ్‌కు బోల్టు బిగించినంత మాత్రాన ఎర్త్ రాదు. హెడ్‌లైట్ ఎర్త్ స్టీరింగ్ బేరింగుల గుండా, మధ్యలో ఉన్న గ్రీజుతో సహా ప్రయాణించాల్సి వస్తుంది. హెడ్‌లైట్ నుంచి, ఇంజన్ నుంచి, వెనక లైటు నుంచి వేరువేరు ఎర్త్ తీగలు తెచ్చి బ్యాటరీ మైనస్ దగ్గర ఒకే చోట బిగించండి. తీగలు పెరిగినా బండి సులువవుతుంది.

తీగ మందం విషయంలో, పలుచటి గట్టి తొడుగు ఉన్న ఆటోమోటివ్ తీగే కొనండి. ఇంటి వైరింగ్‌కు వాడేది తీసుకోవద్దు. పలుచటి తొడుగు తీగకు 0.5 చదరపు మిల్లీమీటర్లలో 11 ఆంపియర్లు, 1కి 16.5, 2కి 25 అని రేటింగ్ ఇస్తారు. ఇండికేటర్లకు, స్విచ్ సిగ్నళ్లకు 0.5 సరిపోతుంది. హెడ్‌లైట్, హారన్, ఇగ్నిషన్ కాయిల్‌కు 1 వేయండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టెకు, ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి బ్యాటరీకి 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. ఫ్యూజు కాపాడేది తీగను, బల్బును కాదు. కాబట్టి ఫ్యూజు విలువ తీగ మోయగలిగే దానికంటే తక్కువే ఉండాలి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, దానికి ముందున్న తీగకు రక్షణ ఏమీ లేదు.

సోల్డరింగా, క్రింపింగా అని ఎప్పటినుంచో సాగే వాదనలో నేను క్రింపింగ్ (టెర్మినల్‌ను తీగ మీద నొక్కి బిగించడం) పక్షం. తగరం తీగ పోగుల్లోకి పాకి, ఆగిన చోట ఒక గట్టి అంచు ఏర్పడుతుంది. ఇంజన్ వణుకుకు తీగ సరిగ్గా అక్కడే విరుగుతుంది. తొడుగు వేసి, కదలకుండా కట్టేసిన చోట సోల్డర్ కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాదనను. కానీ క్రింపింగ్ అంటే కటింగ్ ప్లయర్‌తో నొక్కడం కాదు. తెరిచిన రెక్కలున్న టెర్మినల్‌కు సరిపోయే పళ్లున్న క్రింపింగ్ టూలే కావాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి. తీగను కోయకుండా పై నుంచి నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులను మాత్రం బండి దరిదాపులకు రానీయొద్దు.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. హోండాలో ఎర్త్ ఆకుపచ్చ, నలుపు అంటే కీ వేశాక వచ్చే కరెంటు. యమహాలో నలుపే ఎర్త్. లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ ఎలక్ట్రికల్స్‌తో వచ్చిన పాత పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ ఫ్రేమ్‌కు కలిపే) బండ్లలో ఎర్త్ తీగ ఎరుపు! ఒక బండిలో నేర్చుకున్న అలవాటుతో ఇంకో బండిలో చేయి పెడితే పొగ వస్తుంది. సొంతంగా కడుతున్నా మీ బండి కంపెనీ రంగులనే పాటించండి, రేపు వేరేవాళ్లు చూసినా అర్థమవుతుంది.

ఎలక్ట్రానిక్ డబ్బా

మోటోగ్యాడ్జెట్ సంస్థ ఎం-యూనిట్ లాంటివి ఈ కోవకు చెందినవి. హ్యాండిల్ బటన్ల నుంచి సన్నటి తీగలు మాత్రమే వస్తాయి, నొక్కితే ఎర్త్ తగులుతుంది, అంతే. లోపలి ఎలక్ట్రానిక్స్ లైటుకు, హారన్‌కు, స్టార్టర్ రిలేకు కరెంటు పంపుతాయి. షార్ట్ అయితే ఆ ఒక్క లైనునే ఆపేస్తాయి, ఫ్యూజు మార్చే పని లేదు. ఎల్‌ఈడీ ఇండికేటర్లకు వేరే ఫ్లాషర్ అక్కర్లేదు. హ్యాండిల్ మీద చిన్న బటన్లు మాత్రమే కనపడాలని కోరుకునే వాళ్లకు దీన్ని మించింది లేదు. కట్టడం కూడా తేలికే.

లోటు కూడా చెప్పాలి. ఫ్యూజు పోతే దారిలో ఎక్కడైనా మార్చుకోవచ్చు, రిలే పోతే తీగ ముక్కతో దాటించి ఇంటికి చేరవచ్చు. ఈ డబ్బా పోతే మాత్రం బండి అక్కడే. దూర ప్రయాణాలు, ఊళ్లు దూరంగా ఉన్న దారులు మీ అలవాటైతే ఆలోచించుకోండి. ఇది 12 వోల్టుల నెగటివ్ ఎర్త్ డీసీ బండ్ల కోసం. 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్, ఏసీ లైట్లు ఉన్న బండి అయితే ముందు ఆ వ్యవస్థలను మార్చాకే దీని సంగతి.

తీసేయొచ్చు అనిపించేవి, తీయకూడనివి

పాత బండ్లలో కొన్ని భాగాలు ఊరికే ఉన్నట్టు కనిపిస్తూ గట్టి పని చేస్తుంటాయి. 1970ల బీఎండబ్ల్యూ బాక్సర్ ట్విన్‌లలో ఛార్జింగ్ ఎర్ర బల్బు కేవలం సూచిక కాదు. ఆల్టర్నేటర్ రోటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. మీటర్ మార్చి ఆ బల్బు తీసేస్తే బ్యాటరీ ఛార్జ్ కాదు. ఎల్‌ఈడీ పెట్టాలంటే పక్కన సరైన రెసిస్టర్ కలపాలి.

ఇండికేటర్ల సూచిక బల్బు ఒక్కటే ఉన్న బండ్లలో అది ఎడమ తీగకూ కుడి తీగకూ మధ్య ఉంటుంది. ఏ పక్క వెలిగినా రెండో పక్క బల్బుల గుండా ఎర్త్ దొరుకుతుంది. మామూలు బల్బులకు ఆ కొద్ది కరెంటు లెక్కలోకి రాదు. ఎల్‌ఈడీలు వేస్తే అదే కరెంటు చాలు, నాలుగూ కలిసి మెరుస్తాయి. చాలామంది ఫ్లాషర్ చెడిందనుకుని మార్చేస్తారు. ఫ్లాషర్ మార్చాల్సిన మాట నిజమే, వేడితో పనిచేసే పాత ఫ్లాషర్ ఎల్‌ఈడీల చిన్న కరెంటుకు సరిగా పని చేయదు. కానీ నాలుగూ మెరవడం ఆగాలంటే రెండు డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) వేసి, సూచిక బల్బు రెండో కొనను ఎర్త్‌కు కలపాలి.

కిల్ స్విచ్ దగ్గర ఇంకా జాగ్రత్త. పాయింట్లు (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు), కాయిల్ ఉన్న బ్యాటరీ ఇగ్నిషన్‌లో కిల్ స్విచ్ కరెంటును ఆపుతుంది. మాగ్నెటోలో (బ్యాటరీ లేకుండా తానే స్పార్క్ కరెంటు పుట్టించే రకం), చాలా సీడీఐలలో (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ యూనిట్లు) అది తీగను ఎర్త్‌కు తగిలించి ఇంజన్ ఆపుతుంది. రెండో రకం తీగకు 12 వోల్టులు ఇస్తే సీడీఐ కాలిపోవచ్చు. సైడ్ స్టాండ్ స్విచ్‌ను అడ్డం అనుకుని దాటించేవాళ్లు చాలామంది. స్టాండు దించి మరిచి బయల్దేరినప్పుడు మొదటి ఎడమ మలుపులో ఆపేది అదొక్కటే. ఇండికేటర్లు, బ్రేక్ లైటు, అద్దాల విషయంలో మీ చోట చట్టం ఏమంటుందో కూడా తీగ కత్తిరించకముందే చూసుకోండి.

ఛార్జింగ్, బ్యాటరీ: అసలు లెక్క ఇక్కడ

మీ ఆల్టర్నేటర్ శాశ్వత అయస్కాంతం రకమా, కరెంటుతో అయస్కాంతమయ్యే ఫీల్డ్ కాయిల్ రకమా అన్నది తెలియకుండా రెగ్యులేటర్ కొనకండి. 1969లో వచ్చిన హోండా సీబీ750 ఫీల్డ్ కాయిల్ రకం. దానికి శాశ్వత అయస్కాంతం బండి రెగ్యులేటర్ పనికిరాదు. లూకాస్ 12 వోల్టుల బండ్లలో ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ ఒకటి, వోల్టేజీని అదుపు చేస్తూ, వేడి పోవడానికి అల్యూమినియం మీద బిగించిన జీనర్ డయోడ్ ఒకటి. ఈ రెండింటి స్థానంలో ఒకే ఆధునిక యూనిట్ పెట్టడం పాత బ్రిటిష్ బండిలో చేయదగ్గ మంచి కుదింపు.

శాశ్వత అయస్కాంతం బండ్లలో ఎక్కువగా ఉండేది షంట్ రెగ్యులేటర్. మిగిలిన కరెంటును అది స్టేటర్ దగ్గరే షార్ట్ చేసి వేడిగా వదిలేస్తుంది. దీంతో వచ్చే చిక్కు చాలామందికి తెలియదు: ఎల్‌ఈడీ లైట్లు వేసి వాడకం తగ్గిస్తే స్టేటర్‌కు భారం తగ్గదు, రెగ్యులేటర్ ఇంకా వేడెక్కుతుంది. లోపల మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఉన్న షంట్ యూనిట్ చల్లగా ఉంటుంది. సిరీస్ రకం అయితే అక్కర్లేనప్పుడు దారినే తెరిచేస్తుంది కాబట్టి స్టేటర్ కూడా చల్లబడుతుంది. ఎల్‌ఈడీలకు మారేవాళ్లకు నా సలహా సిరీస్ రకం, బ్రాకెట్ దానికి గాలి తగిలే చోట చేసుకోండి.

ఏసీ లైట్లున్న చిన్న బండిని పూర్తి డీసీకి మార్చాలంటే స్టేటర్ లోపల ఒక కొన ఎర్త్‌కు అతికి ఉందేమో చూడాలి. ఉంటే దాన్ని విడదీసి రెండో తీగగా బయటికి తేవాలి. లేకపోతే ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ షార్ట్ అవుతుంది. రెగ్యులేటర్ లేని కొన్ని పాత బండ్లలో హెడ్‌లైట్ బల్బే వోల్టేజీని అదుపులో ఉంచేది. అది మాడితే మిగతావీ వరసగా మాడేది అందుకే. అక్కడ ఒక్క హెడ్‌లైట్‌నే ఎల్‌ఈడీ చేయడం కోరి తెచ్చుకునే కష్టం.

బ్యాటరీకి వస్తే, సీల్డ్ ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచులో పట్టి ఉంచే లెడ్ బ్యాటరీ) చాలామందికి సరైనది. నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, చిన్నది, సీటు కింద ఎక్కడైనా ఇమిడిపోతుంది. కానీ చలికి మందగిస్తుంది, 15 వోల్టులు దాటితే ఓర్చుకోదు. పాత మెకానికల్ రెగ్యులేటర్ ఉంచుకుని దీన్ని పెట్టొద్దు. కిక్ స్టార్ట్ బండికి బ్యాటరీయే లేకుండా కెపాసిటర్ (కొద్ది కరెంటును కాసేపు దాచే భాగం) పెట్టడం లూకాస్ 2ఎంసీ కెపాసిటర్ కాలం నుంచీ ఉన్నదే. తక్కువ దూరాలు, రేసు ట్రాక్, మట్టి దారులకు బాగుంటుంది. ఇంజన్ ఆగితే లైటు ఆగిపోతుంది కాబట్టి రాత్రి రోడ్డు మీద తిరిగే బండికి నేను ఒప్పుకోను.

ఎవరికి ఏది

రాగి మెరుస్తూ, బండి ఒరిజినల్‌గా ఉంటే శుభ్రం చేసి రిలేలు, ఫ్యూజు పెట్టె కలపండి. రాగి నల్లబడి, బండి మాత్రం కంపెనీ రూపంలోనే ఉండాలనుకుంటే రెడీమేడ్ సెట్. ఎవరెవరో చేతులు పెట్టి కలగాపులగమైన బండి, లేదా రూపమే మార్చేస్తున్న బండి అయితే కొత్తగా కట్టండి. అది కూడా కాగితం మీద ప్రతి తీగ రంగు, మందం, ఫ్యూజుతో సహా బొమ్మ గీశాకే. ఆ బొమ్మ గీయలేకపోతే పని మొదలుపెట్టే సమయం ఇంకా రాలేదు. ఎలక్ట్రానిక్ డబ్బా ప్రధానంగా రూపం కోసం, స్విచ్‌ల కోసం. నమ్మకం పెరుగుతుందని మాత్రం దాన్ని కొనకండి.

ఏది చేసినా మొదటిసారి బ్యాటరీ కలిపేటప్పుడు మెయిన్ ఫ్యూజు స్థానంలో ఒక 21 వాట్ల బల్బు తగిలించండి. కీ తీసి ఉన్నప్పుడు బల్బు అస్సలు వెలగకూడదు. తర్వాత ఒక్కో స్విచ్ వేసి చూడండి. చిన్న లోడుకు మసకగా వెలిగితే ఫర్వాలేదు. హెడ్‌లైట్, హారన్, కాయిల్ ఎక్కువ లాగుతాయి కాబట్టి వాటికి ప్రకాశంగానే వెలుగుతుంది. కానీ ఏ స్విచ్ వేయకముందే పూర్తి వెలుగుతో మండుతుంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, తీగ కాలకుండానే మీకు దొరికిపోయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక బల్బు తీసి ఫ్యూజు పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి బ్యాటరీ కొనల దగ్గర మళ్లీ వోల్టేజీ చూడండి.